అక్వేరియంకి కరెంటు బిల్లు ఎంత? నేను పీకిన తప్పు ప్లగ్

ఇవాళ కొత్త చేపల గురించి కాదు, చేపల వల్ల వచ్చే కరెంటు బిల్లు గురించి మాట్లాడుకుందాం. ఇంట్లో అక్వేరియం ఉన్న వాళ్లందరూ ఈ మాట ఒక్కసారైనా వినే ఉంటారు. మా నాన్న మాటల్లోనే చెప్తా: "ఆ చేపల తొట్టి ఇరవై నాలుగ్గంటలు నడుస్తనే ఉంటది. బిల్లు రాక ఏమైతది?"

ఇప్పుడు స్క్రీన్ మీద రెండు బిల్లులు పెట్టాను, చూడండి. మాది హైదరాబాద్. నవంబర్ వాడకం 194 యూనిట్లు, ఎనర్జీ ఛార్జీలు 791 రూపాయలు. డిసెంబర్ వాడకం 212 యూనిట్లు, ఎనర్జీ ఛార్జీలు 1,112 రూపాయలు. పెరిగింది 18 యూనిట్లే. డబ్బు మాత్రం 321 రూపాయలు పెరిగింది. ఆ బిల్లు చూశాక నాన్న ఒక్కటే మాట అన్నారు, "ఆ తొట్టి అయినా ఉండాలె, బిల్లన్నా తగ్గాలె."

అప్పుడు నేనేం చేశానంటే, లెక్క చూడకుండా రాత్రి పదకొండుకి ఫిల్టర్, ఎయిర్ పంప్ రెండు ప్లగ్‌లూ పీకేసి, పొద్దున ఆరుకి పెట్టడం మొదలుపెట్టాను. నిద్రపోయేటప్పుడు చేపలకి ఫిల్టర్ ఎందుకులే అనుకున్నా. మూడో రోజు పొద్దున లేచి చూస్తే చేపలన్నీ పైకొచ్చి నీళ్ల మీద నోళ్లు తెరుస్తున్నాయి. రెండు మోలీలు అడుగున పడి ఉన్నాయి. అందులో ఒకటి మా చెల్లి పేరు పెట్టుకుని పెంచుకున్నది. తను స్కూల్‌కి వెళ్లేదాకా నాతో మాట్లాడలేదు.

ఆ రోజు సాయంత్రం కూర్చుని మొత్తం లెక్క వేశాను. ఆ లెక్క ముందే వేసి ఉంటే ఆ రెండు చేపలు బతికేవి. అందుకే ఈ వీడియో.

సరే, విషయంలోకి వెళ్దాం. ముందు యూనిట్ అంటే ఏంటో ఒక్క నిమిషంలో చూద్దాం. వెయ్యి వాట్ల వస్తువు ఒక గంట నడిస్తే ఒక యూనిట్. అంతే. కాబట్టి ఏ వస్తువుకైనా వాట్లని రోజుకి నడిచే గంటలతో గుణించి, 30తో గుణించి, వెయ్యితో భాగిస్తే నెలకి ఎన్ని యూనిట్లో వచ్చేస్తుంది. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు.

నా తొట్టి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అంచు దాకా నింపితే 56 లీటర్లు, రాళ్లూ ఇసుకా పోతే దాదాపు 50 లీటర్ల నీళ్లు. దీనికి ఉన్నవి నాలుగు ప్లగ్‌లు.

ఒకటి, లోపల పెట్టే ఫిల్టర్, 12 వాట్లు. 24 గంటలూ నడుస్తుంది. నెలకి 8.64 యూనిట్లు. రెండు, ఎయిర్ పంప్, 4 వాట్లు. అదీ 24 గంటలే. నెలకి 2.88 యూనిట్లు. మూడు, ఎల్ఈడీ లైటు, 12 వాట్లు, రోజుకి ఎనిమిది గంటలు. అది కూడా 2.88 యూనిట్లే వచ్చింది. ఈ మూడూ కలిపితే 14.4 యూనిట్లు. మేం ఉన్న శ్లాబ్‌లో యూనిట్ 4.80 చొప్పున 69 రూపాయలు. అంటే నెలకి ఒక సినిమా టికెట్ కూడా కాదు.

ఇప్పుడు నేను రాత్రిపూట ఆపింది ఎంతో చూద్దాం. ఫిల్టర్, పంప్ కలిపి 16 వాట్లు. ఏడు గంటలు ఆపితే రోజుకి 112 వాట్-అవర్లు, నెలకి 3.36 యూనిట్లు. డబ్బులో 16 రూపాయలు. అవును, నెలంతా కలిపి 16 రూపాయలు. దాని కోసం మూడు రాత్రుల్లో రెండు చేపలని చంపేశాను.

మరి ఆ 18 యూనిట్లు ఎక్కడి నుంచి వచ్చాయి? నాలుగో ప్లగ్. హీటర్. 100 వాట్లు. డిసెంబర్‌లో చలి మొదలవగానే పెట్టాను. కొన్నప్పుడు థర్మోస్టాట్ నాబ్ 30 మీద ఉంది, నేను ముట్టుకోలేదు. థర్మోస్టాట్ ఉంది కాబట్టి నీళ్లు వేడెక్కగానే ఆగిపోతుంది, చల్లబడితే మళ్లీ ఆన్ అవుతుంది. అందుకే దాని యూనిట్లు పెట్టె మీద చూసి చెప్పలేం. స్మార్ట్ ప్లగ్‌కి తగిలించి చూస్తే రోజుకి 0.6 యూనిట్లు చూపించింది. నెలకి 18. ఆ నెల ఇంట్లో ఫ్యాన్లు తగ్గాయి, గీజర్ పెరిగింది, రెండూ దాదాపు చెల్లుకి చెల్లు. మిగిలిన తేడా మొత్తం హీటర్‌దే.

అంటే నాన్న చెప్పింది నిజమే. తొట్టి వల్లే బిల్లు పెరిగింది. కానీ నేను పీకిన ప్లగ్ తప్పు.

ఇంకో ప్రశ్న మిగిలింది. 18 యూనిట్లకి 321 రూపాయలు ఎలా అయ్యాయి? యూనిట్‌కి దాదాపు 18 రూపాయలు ఎక్కడైనా ఉంటుందా? ఇక్కడే అసలు కిటుకు ఉంది, జాగ్రత్తగా వినండి.

తెలంగాణలో 2022 నుంచి ఉన్న ఇంటి టారిఫ్ ప్రకారం, నెలకి 200 యూనిట్ల లోపు వాడితే మొదటి వందకి 3.40, రెండో వందకి 4.80. సరిగ్గా 200 వాడితే 820 రూపాయలు. అదే 201 అయిందనుకోండి, మీరు వేరే కేటగిరీలోకి వెళ్లిపోతారు. అప్పుడు మొదటి 200 యూనిట్లకీ 5.10 వేస్తారు, ఆ పైన 7.70. అంటే 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు! ఇవి ఎనర్జీ ఛార్జీలు మాత్రమే, కస్టమర్ ఛార్జీలు, ఫిక్స్‌డ్ ఛార్జీలు వేరు.

ఇలాంటి గట్టు వంద దగ్గర కూడా ఉంది. వంద యూనిట్ల లోపు వాళ్లకి మొదటి యాభైకి 1.95, తర్వాత యాభైకి 3.10. సరిగ్గా వందకి 252 రూపాయల 50 పైసలు. 101 అయితే 344 రూపాయల 80 పైసలు.

గృహజ్యోతి ఉన్న ఇళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 2024 మార్చి నుంచి తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇళ్లకి 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు ఇస్తున్నారు కదా. 200 దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి. అలాంటి ఇంట్లో మాలాగే 194 నుంచి 212కి వెళ్తే, సున్నా నుంచి నేరుగా పదకొండు వందలకి వెళ్తుంది. చేపల తొట్టి మీద ఇంట్లో గొడవ రావడానికి అంతకంటే ఏం కావాలి?

ఆంధ్రప్రదేశ్ ఫ్రెండ్స్‌కి లెక్క వేరు. అక్కడ 2022 నుంచి అందరికీ ఒకే మెట్ల పద్ధతి. 30 వరకు 1.90, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6 రూపాయలు, 400 వరకు 8.75. పై మెట్టు ఎక్కినా కింది యూనిట్ల రేటు మారదు. కాబట్టి అదే 194 నుంచి 212 అయితే అక్కడ పెరిగేది 18 ఇంటూ 6, అంటే 108 రూపాయలు. అవే చేపలు, అదే హీటర్. హైదరాబాద్‌లో 321, విజయవాడలో 108. నిజానికి విజయవాడలో, వైజాగ్‌లో అంత చలి ఉండదు కాబట్టి చాలా ఇళ్లలో హీటర్ అవసరమే పడదు.

అందుకే "అక్వేరియంకి నెలకి ఎంత అవుతుంది అన్నా?" అని ఎవరైనా అడిగితే నేను ఒక్క నంబర్ చెప్పను. మీ ఇంటి బిల్లు ఎన్ని యూనిట్ల దగ్గర ఉంది అని తిరిగి అడుగుతాను. నా 14.4 యూనిట్ల తొట్టే 130 యూనిట్ల ఇంట్లో 69 రూపాయలు. 250 యూనిట్ల ఇంట్లో 111 రూపాయలు. 350 దగ్గర, అక్కడ యూనిట్ 9 రూపాయలు కాబట్టి, 130 రూపాయలు. తొట్టి మారలేదు, ఇల్లు మారింది.

ఇప్పుడు ఫిల్టర్ ఎందుకు ఆపకూడదో చెప్తాను. చేప వేసే మలం, మిగిలిపోయిన మేత కుళ్లి అమ్మోనియా అవుతుంది. అది చేపకి విషం. ఫిల్టర్ స్పాంజిలో ఉండే మంచి బ్యాక్టీరియా ఆ అమ్మోనియాని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ కొంచెం ఉన్నా చేపలు తట్టుకుంటాయి, నీళ్లు మార్చినప్పుడు పోతుంది. ఈ బ్యాక్టీరియాకి ఆక్సిజన్ కావాలి. అది వాటికి అందేది పారే నీళ్లతోనే. ఫిల్టర్ గంటల తరబడి ఆగితే అవి చచ్చిపోవడం మొదలవుతుంది. అంటే ఫిల్టర్ కేవలం చెత్త పట్టే జల్లెడ కాదు, లోపల ప్రాణం ఉన్న వస్తువు.

రెండోది, రాత్రి. మొక్కలు పగలు వెలుతురులో ఆక్సిజన్ ఇస్తాయి. రాత్రి అవి కూడా ఆక్సిజన్ తీసుకుంటాయి. కాబట్టి తెల్లవారుజామున తొట్టిలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ ఉంటుంది. నేను సరిగ్గా ఆ టైమ్‌కే పంప్ ఆపాను.

మూడోది, వేడి. నీళ్లు ఎంత వేడిగా ఉంటే అంత తక్కువ ఆక్సిజన్ పట్టుకుంటాయి. 20 డిగ్రీల దగ్గర లీటర్‌కి సుమారు 9 మిల్లీగ్రాములు పడుతుంది, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. పైగా వేడి నీళ్లలో చేప ఎక్కువ ఆక్సిజన్ అడుగుతుంది. నేను హీటర్ 30 మీద ఉంచి, గాలి ఆపేశాను. ఎటు చూసినా తప్పే.

సరే, తప్పు తెలిసింది. మరి బిల్లు ఎలా తగ్గించాను? ఒక్కొక్కటీ చెప్తాను.

మొదట హీటర్ నాబ్. నా దగ్గర ఉన్నవి మోలీలు, గప్పీలు. వీటికి 24 నుంచి 28 డిగ్రీలు బాగుంటుంది. 30 అక్కర్లేదు. రోజుకి ఒక డిగ్రీ చొప్పున తగ్గిస్తూ 25కి తెచ్చాను. ఒకేసారి తగ్గిస్తే చేపలకి దెబ్బ. గోల్డ్ ఫిష్ ఉన్న వాళ్లకి అసలు హీటర్ అవసరం లేదు, అది చల్లటి నీళ్ల చేప. డిస్కస్ పెంచే వాళ్లకి మాత్రం 28 పైన ఉండాల్సిందే, ఆ ఖర్చు ముందే తెలుసుకుని కొనండి.

రెండోది మూత. నాది పైన తెరిచి ఉన్న తొట్టి. ఒక లీటర్ నీళ్లు ఆవిరవ్వాలంటే దాదాపు 0.67 యూనిట్ల వేడి కావాలి. ఆ వేడి తొట్టిలోంచే పోతుంది, దాన్ని మళ్లీ హీటర్ నింపాలి. గాజు షాపులో ఒక పలక కోయించి, గాలి ఆడేలా మూల దగ్గర ఖాళీ వదిలి పైన పెట్టాను. వెనక వైపు, పక్కన థర్మోకోల్ అంటించాను. ఈ మూడు పనులతో హీటర్ వాడకం రోజుకి 0.6 నుంచి 0.2కి వచ్చింది. నెలకి 18 కాదు, 6 యూనిట్లు.

మూడోది లైటు. ఎనిమిది గంటల నుంచి ఆరు గంటలకి తగ్గించి టైమర్ పెట్టాను. కరెంటులో మిగిలేది ఒక యూనిట్ కూడా కాదు, కానీ గాజుకి పట్టే పచ్చటి నాచు తగ్గింది. లైటు చేపల కోసం కాదు ఫ్రెండ్స్, మన కోసం. మొక్కలు ఉంటే వాటి కోసం.

నాలుగోది స్పాంజ్ ఫిల్టర్. ఇది ఎయిర్ పంప్ గాలితోనే నడుస్తుంది. అంటే నా 4 వాట్ల పంపే ఫిల్టర్ పని కూడా చేస్తుంది, 12 వాట్ల ఫిల్టర్ తీసేయొచ్చు. నెలకి 8.64 యూనిట్లు మిగులుతాయి. కానీ కొత్త స్పాంజిలో బ్యాక్టీరియా ఉండదు కదా. అందుకే రెండింటినీ ఐదారు వారాలు కలిపి నడిపి, ఆ తర్వాతే పాతది తీయండి. స్పాంజ్‌ని కుళాయి కింద కడగకండి, క్లోరిన్‌కి బ్యాక్టీరియా పోతుంది. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి. చేపలు ఎక్కువున్న పెద్ద తొట్టికి మాత్రం ఇదొక్కటే సరిపోదు.

ఇప్పుడు స్మార్ట్ ప్లగ్ కొనకుండా, ఫోన్‌తోనే కొలిచే పద్ధతి చెప్తాను. మీ కరెంటు మీటర్ మీద చిన్న ఎర్ర లైటు మెరుస్తుంటుంది. దాని పక్కన ఒక నంబర్ ఉంటుంది. మా మీటర్ మీద 3200 అని ఉంది, అంటే 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్. ఇంట్లో ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్, రౌటర్, టీవీ పెట్టె, ఇన్వర్టర్ ఛార్జింగ్, అన్నీ పది నిమిషాలు ఆపండి. తొట్టి మాత్రం నడవాలి. ఫోన్‌తో మీటర్‌ని పది నిమిషాలు వీడియో తీసి, తర్వాత కూర్చుని లెక్కపెట్టండి. నాకు 15 మెరుపులు వచ్చాయి. 15ని ఆరుతో గుణిస్తే గంటకి 90. దాన్ని 3200తో భాగిస్తే 0.028, అంటే 28 వాట్లు. ఫిల్టర్ 12, పంప్ 4, లైటు 12. సరిగ్గా సరిపోయింది. అప్పుడు హీటర్ ప్లగ్ తీసి ఉంచాను. అపార్ట్‌మెంట్‌లో మీటర్లు సెల్లార్‌లో ఉంటాయి, మీ సర్వీస్ నంబర్ చూసుకుని మీ మీటరే తీయండి. చూడటమే, బోర్డు ముట్టుకోవద్దు.

ఈ వీడియో తీసేటప్పుడు సెల్లార్‌కి నాన్న కూడా వచ్చారు. మెరుపులు నాతో పాటు ఆయనా లెక్కపెట్టారు. పదిహేనే రావడంతో "గింతేనా?" అన్నారు. తర్వాత హీటర్ పెట్టి చూపించాను. ఆన్ అయి ఉన్నప్పుడు చకచకా మెరుస్తుంటే ఆయనకే అర్థమైంది. ఇంకేం వివరించాల్సిన పని పడలేదు.

ఒక మాట సముద్రపు చేపల తొట్టి పెట్టాలనుకునే తమ్ముళ్లకి. దానికి పెద్ద పంపులు, బలమైన లైట్లు కావాలి. మన వేసవిలో నీళ్లు చల్లబరిచే చిల్లర్ కూడా కావాలి. 300 వాట్ల చిల్లర్ రోజుకి పది గంటలు తిరిగితే నెలకి 90 యూనిట్లు. 300 యూనిట్లు దాటిన ఇంట్లో 9 రూపాయల చొప్పున 810 రూపాయలు, అది చిల్లర్ ఒక్కదానికే. తొట్టి ధర చూసి కాదు, ఈ లెక్క చూసి దిగండి. మామూలు మంచినీటి చేపలకైతే ఎండాకాలంలో మూత తీసి, చిన్న యూఎస్‌బీ ఫ్యాన్ నీళ్ల మీదకి తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. చలికాలంలో మనకి నష్టం చేసిన ఆవిరే ఎండాకాలంలో పనికొస్తుంది.

కరెంటు పోయినప్పుడు యూఎస్‌బీ ఎయిర్ పంప్ ఒకటి పెట్టుకోండి, పవర్ బ్యాంక్‌తో రాత్రంతా నడుస్తుంది. కానీ కొన్ని పవర్ బ్యాంకులు ఇంత తక్కువ కరెంటుకి ఏమీ తగిలించలేదనుకుని వాటంతటవే ఆగిపోతాయి. ముందే ఒకసారి గంటసేపు నడిపి చూసుకోండి. ఇంకోటి, నీళ్లు మార్చే ముందు, తొట్టిలో చెయ్యి పెట్టే ముందు ప్లగ్‌లన్నీ తీసేయండి. హీటర్‌ని ఆపి పావుగంట ఆగాకే నీళ్లు తీయండి, లేదంటే గాజు పగులుతుంది. ప్రతి వైరూ సాకెట్ కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వచ్చేలా పెట్టండి. అప్పుడు వైర్ మీద జారే నీటి బొట్టు సాకెట్‌లోకి వెళ్లదు, కింద పడిపోతుంది.

చివరికి మా బిల్లు ఏమైందో చెప్పాలి కదా. తర్వాతి నెల 25వ తారీఖు నుంచి నాన్నే రోజూ సెల్లార్‌కి వెళ్లి మీటర్ ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టారు. గీజర్ పది నిమిషాలు మించితే బయటి నుంచి ఒకటే కేక. బిల్లు వచ్చింది. 199 యూనిట్లు. ఎనర్జీ ఛార్జీలు 815 రూపాయలు. ఫిబ్రవరి మధ్యలో చలి తగ్గగానే హీటర్ తీసేసి పెట్టెలో పెట్టాను. ఫిల్టర్ మాత్రం రాత్రీ పగలూ నడుస్తూనే ఉంది.

మీరు ఇవాళ ఒక్క పని చేయండి. పాత బిల్లు తీసి మీ ఇల్లు ఎన్ని యూనిట్ల దగ్గర ఉందో చూడండి. తర్వాత తొట్టి వెనక్కి వెళ్లి ఒక్కో ప్లగ్ మీద వాట్లు చదివి, నెలకి ఎన్ని యూనిట్లో రాసుకోండి. ఏది ఆపాలో, ఏది ఆపకూడదో ఆ కాగితమే చెప్తుంది. నేను ఆ కాగితం రెండు చేపలు పోయాక రాశాను. మీరు ముందే రాయండి.

మీ తొట్టి ఎన్ని వాట్లో లెక్కపెట్టి నాకు చెప్పండి. ఇంట్లో బిల్లు విషయంలో గొడవ పడుతున్న ఫ్రెండ్ ఉంటే ఈ వీడియో పంపండి. మళ్లీ కలుద్దాం. ఉంటాను మరి, బై బై.